పంపినవారి పేరు

రిగ్గై,
8 నవంబర్ 2025, శనివారం

అత్తా,

ఫిబ్రవరిలో కువైట్‌లో ఉండడానికిచ్చిన ఇఖామా గడువు అయిపోగానే నువ్వు ఊరికి వెళ్లిపోతున్నావని నాన్న చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం ఇప్పుడే రాయాలి. నువ్వు వెళ్లిపోయాక రాసి లాభం లేదు.

ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ ఫోన్ శుక్రవారం సాయంత్రం కాసేపు నీ చేతికి వస్తుంది. అందులో సగం ఊరికి పోతుంది. మిగిలిన సగంలో "తిన్న్యావా పాపా, జీతం పడిందా" అని అడిగి, ఎవరో పిలుస్తున్నారని పెట్టేస్తావు. నీకు చదవడం రాకపోయినా నువ్వు పనిచేసే ఇంటి డ్రైవర్ హారూన్ గారికి వచ్చు. ఆయన మా షాపుకు వచ్చినప్పుడు ఈ కవరు ఇస్తాను. మా రిగ్గై నుంచి మీ అర్దియాకు కారులో పది నిమిషాలు. నేను వచ్చి ఏడాదిన్నరయింది. నిన్ను చూసింది రెండే సార్లు.

నేను కార్గో షాపులో పనిచేస్తానని నీకు తెలుసు. ఏం పని అని ఎప్పుడూ అడగలేదు. ఊరికి పోయే పెట్టెల మీద పేర్లు రాయడం నా పని. పెట్టె కట్టి, టేపు వేసి, తాడు బిగించాక లావు మార్కర్‌తో రెండు వైపులా రాస్తాను. చేరవలసినవారు, పంపినవారు, ఊరు, ఫోన్. ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు షాపుదాకా రాలేరు కాబట్టి వాళ్ల పెట్టెలు డ్రైవర్లే తెస్తారు. "పంపినవారి పేరు?" అని అడుగుతాను. భర్త పేరు చెబుతారు, అన్న పేరు చెబుతారు, నడవడం రాని కొడుకు పేరైనా చెబుతారు. ఈ ఏడాదిన్నరలో ఒక్కరు కూడా, సబ్బుబిళ్లలు ఒక్కొక్కటిగా కూడబెట్టిన ఆ ఆడమనిషి పేరు చెప్పలేదు.

సెప్టెంబర్‌లో హారూన్ గారు నీ పెట్టె తెచ్చారు. మన ఊరికి పోయేదే. "పంపినవారు అక్క వాళ్లాయన, పెంచల్ అని రాయమ్మా" అన్నారు. "పె" దాకా రాసి ఆగిపోయాను. పెంచల్ మామ కువైట్ వదిలేసి తొమ్మిదేళ్లయింది. ఊళ్లో టీ కొట్టు దగ్గర కూర్చున్న మనిషి ఇక్కడి నుంచి పెట్టె ఎలా పంపుతాడు?

నువ్వు అక్కడ లేవు, నీకు తెలియదు. మన ఇంటికి పెట్టె రాగానే అందరూ నన్నే ముందుకు తోసేవాళ్లు, ఇంట్లో అక్షరాలు వచ్చినది నేనే కదా. "ఏం రాసుండాదో చదువు పాపా" అనేవాళ్లు. బడి పుస్తకం బయట నేను కూడబలుక్కుని చదివిన మొదటి పేరు అదే. పంపినవారు: పెంచల్, కువైట్. పాలపొడి, కంబళ్లు, నా బడి బూట్లు, చివరికి నా డిగ్రీ ఫీజు కూడా ఆయనే పంపాడని ఇరవై ఏళ్లు వచ్చేదాకా నమ్మాను. అవన్నీ ఆయన సంపాదనేనని ఊరు ఇప్పటికీ నమ్ముతోంది. ఆయన ఆ పేరు ఎలా మోస్తున్నాడో నాకు అర్థం కావడం లేదు.

ఇక అసలు విషయం. మా షాపు వెనక ఖాళీ గోడౌన్ ఉంది. శుక్రవారాలు యజమాని నరసింహులన్న మాకు ఇస్తున్నాడు. మేం కొందరం ఆడవాళ్లం అక్కడ కూర్చుని బొమ్మలు వేస్తాం, అక్షరాలు నేర్చుకుంటాం. మొదలుపెట్టించింది డెలియా టీచర్. ఒక స్కూల్లో డ్రాయింగ్ చెబుతుంది. పిల్లల కోసం ఖాళీ అట్టపెట్టెలు అడగడానికి మా షాపుకు వచ్చేది. ఆమెది అమెరికా, టెక్సాస్. తనను తాను చికానా అంటుంది. వాళ్ల తాతలు మెక్సికో నుంచి వచ్చి పొలాల్లో దుంపలు తవ్వారట. అమెరికాలో పుట్టినా అమెరికావాళ్లు కాదన్నారట, మెక్సికోవాళ్లేమో మీరు మావాళ్లు కాదన్నారట. "ఒకప్పుడు మమ్మల్ని తిట్టడానికి వాడిన మాటనే మేం పేరుగా పెట్టుకున్నాం" అంది. వాళ్ల అమ్మ, ఆమె స్నేహితులు కలిసి మూతబడ్డ టైర్ల షాపు అద్దెకు తీసుకుని, అక్కడే పోస్టర్లు అచ్చువేసి, వీధి పిల్లలకు బొమ్మలు నేర్పి, పేట గోడల మీద తమ తాతల బొమ్మలు వేశారట. ఎవరో వచ్చి సున్నం కొట్టేవాళ్లట. కొట్టిన ప్రతిసారీ వీళ్లు మళ్లీ వేసేవాళ్లట. ఈ మాట విన్న రోజు నాకు నిద్ర రాలేదు.

మాకు గోడలు లేవు. అట్టపెట్టెలున్నాయి. వాటి మీద పెట్టెలు పంపిన ఆడవాళ్ల పేర్లు పెడుతున్నాం. నీ పేరూ పెడతాను అత్తా. సరేనని చెప్పు.

నీ మేనకోడలు,
వెంకటేశ్వరి

*

అర్దియా,
నవంబర్ 16

పాపా ఈశ్వరీకి అత్త చెప్పి రాయించేది.

ఉత్తరం చదివించుకున్న్యా. రెండు తూర్లు చదివించుకున్న్యా. హారూన్‌కు గొంతు ఎండిపోయింది.

నీకు పనీపాటా లేదా? జీతం ఇచ్చేది పెట్టెలు రాయమనా, మీ మామ యవ్వారం తవ్వమనా? పెంచల్ మామను ఒక్క మాట అనద్దు. ఆ మనిషి ఈడ ఎండలో లారీ తోలి నడుము పోగొట్టుకున్న్యాడు. టీ కొట్టుకాడ కూర్చునేది అందుకే. నీకు తెల్దు, తెల్సుకోకుండా రాయద్దు.

ఇంగ నా పేరు యాడో యాలాడదీస్తానంటావు. ఎందుకు? మన ఊర్లో పేరు పెద్దగా రాసి లైట్లు ఏసి కడ్తే అది ఎవురికి? సర్పంచికి నిలబడినోళ్లకి, ల్యాకుంటే సచ్చిపోయినోళ్లకి. నేను నిలబల్లేదు, సావలేదు. ఫ్లెక్సీ గిక్సీ నాకు వద్దు.

ఆ అమెరికామె ఎవురు? ఆమెకేం పని మనతో? బొమ్మలంటాది, రేపు జెండా అంటాది, ఎల్లుండి పోలీసోళ్లు వచ్చి మిమ్మల్ని బండెక్కిచ్చి ఊరికి తోల్తారు. ఆమెకు వాళ్ల ఎంబసీ ఉంటాది. నీకెవురుండారు? కువైట్‌లో నోరు మూసుకుని ఉండేటోళ్లే బతికేది. ఇరవై ఒక్క ఏండ్లు నేను అట్లే ఉండా.

ఇంటామె, ఈడ ఆమెను మామా అంటాం, నిన్న నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఇన్నేండ్లలో ఇదే మొదుటి తూరి. పోవద్దు, ఇంగో ఇఖామా ఎక్కిస్తానంటాది. ఖలాస్ మామా, మోకాళ్లు ఖలాస్ అన్న్యా. నవ్వింది. చెడ్డ మనిషి కాదులే, మంచిదే.

వ్యాళకు తిను. నా పేరు వద్దు.

ఇంతవరకు అక్క చెప్పింది. ఇక నేను, హారూన్, సొంతంగా రాస్తున్నాను. అమ్మా వెంకటేశ్వరీ, ఆ టీచరమ్మ విషయంలో అక్క అంటున్నది నాకూ సబబే అనిపించింది. ఇంకో మాట. కవరు మీద సంజీవమ్మ అని రాశావు. మా ఇంట్లో ఉండేది గంగక్క. ముద్దుపేరు కాబోలు అనుకుని ఇచ్చేశాను. ఇకమీదట "అత్తకు" అని రాయి, చాలు.

*

రిగ్గై,
29 నవంబర్ 2025

అత్తా,

హారూన్ గారి పొరపాటు చూసి నవ్వుకున్నాను. ఏ ఇంట్లోనైనా నలుగురు పనిమనుషులుంటే పేర్లు కలిసిపోతాయి. అందుకే నీ పేరు అందరికీ కనిపించాలంటున్నాను.

ఇది ఫ్లెక్సీ కాదు. మన ఇంట్లో స్టీలు బిందెల మీద పేర్లు కొట్టేవాళ్లు గుర్తున్నారా? సన్నటి ఉలితో టకటకమని చుక్కలు కొట్టుకుంటూ పోతే అక్షరాలయ్యేవి. పెళ్లిలో ఎవరు ఏ బిందె పెట్టారో ముప్పై ఏళ్లయినా తెలుస్తుంది. మేం అట్ట మీద అలాగే మేకుతో చుక్కలు పొడుస్తున్నాం. అట్ట వెనక ట్యూబ్‌లైట్ పెడితే చుక్కల్లోంచి వెలుగు వస్తుంది, పేరు కనబడుతుంది. లైటు తీసేస్తే ఉత్త అట్టపెట్టె. ఎవరు వచ్చినా ఏమీ దొరకదు. నీకు భయం వద్దు.

డెలియా టీచర్‌కూ మాకూ మొన్న పెద్ద వాదన అయింది. పేర్లు వద్దని ఆమె అంది. వాళ్ల టైర్ల షాపులో ఎవరూ బొమ్మ కింద సంతకం పెట్టేవాళ్లు కాదట. పన్నెండు మంది వేసింది ఒకరి సొత్తు కాదు, పేటంతటిదీ అనుకునేవాళ్లట. నేను ఆ మాట తెలుగులో, హిందీలో, చేతులతో అందరికీ చెప్పాను. కొమురక్క వింటూ ఉంది. జగిత్యాల ఆమె, కువైట్ సిటీలో బ్యాంకు నేల తుడుస్తుంది. మేకు పక్కన పెట్టి అంది:

"గా అక్కకు చెప్పు బిడ్డా. ఆమెకు పేరుండె, ఇడిసిపెట్టింది. మంచిదే. నాకు ఎన్నడుండె ఇడిసిపెట్టెతందుకు?"

టీచర్‌కు తెలుగు రాదు. నేను చెప్పేలోపే, కొమురక్క ముఖం చూసి ఆమెకు ఏదో అర్థమైంది. తర్వాత తనే మేకు తీసుకుని కూర్చుంది. తన పేరు కాదు, వాళ్ల అమ్మమ్మ పేరు పొడిచింది. దేవిక అని ఇంకో అమ్మాయి ఉంది, కొమురక్క ఊరి పక్కదే. "మీ అమ్మమ్మ పేరు మస్తు పొడుగున్నదక్కా, పెట్టె సరిపోదు" అని ఏడిపించింది.

ఇంకో కబురు. ఇక్కడి తెలుగు సంఘం ఒకటి కొత్త సంవత్సరం వేడుకకు పెద్ద హాలు తీసుకుంది. వేదిక పక్కన మా అట్టలన్నీ పెట్టమన్నారు. ముప్పై దాకా పేర్లు సిద్ధమయ్యాయి. ఒక అట్ట ఖాళీగా ఉంచాను.

నువ్వు వద్దన్నది ఎందుకో నాకు తెలుసు. నీ పేరున్న అట్ట ఫొటో ఎవరో తీస్తే ఊరికి చేరుతుందని, పెంచల్ మామ తల దించుకోవాల్సి వస్తుందని. ఆయన నడుము గురించి తెలియక రాశాను, అది తప్పే. కానీ ఇరవై ఏళ్ల పెట్టెలు తన పేరు మీద దిగుతుంటే ఒక్కరోజైనా "ఇది మా సంజీవమ్మ పంపింది" అని ఆయన అనొచ్చు కదా. అనలేదు. ఆయన అనకపోతే నేను అంటాను. నన్ను చదివించింది ఇందుకు కాదా?

వెంకటేశ్వరి

*

అర్దియా,
డిసెంబర్ 13

ఈశ్వరీ,

నీ ఉత్తరం విని రెండు వారాలు జవాబు చెప్పబుద్ధి కాల్యా. వంటింట్లో పని చేసుకుంటా, మనసులో నీతో కొట్లాడుకుంటా ఉండా.

నిన్ను చదివించింది ఎందుకో నాకు తెల్సు. ఎవురన్న్యా కాయితం ముందర పెడ్తే అందులో ఏముందో తెల్సుకుని ఏలిముద్ర ఏస్తావని. నేను తెల్సుకోకుండా ఏసినా. అది చెప్తా, ఇను.

నేను వచ్చేటప్పుడు నాకు ఇరవై నాలుగేండ్లు. ముప్పై దాటితేగానీ ఆడోళ్లని ఇంటి పనికి పంపరని ఏజెంటు చెప్పినాడు. అంత వయసు ఉండే పేరు ఒగటి చూసి పాసుపోర్టు చేపిస్తానన్న్యాడు. ఏలిముద్ర ఎయ్యమన్న్యాడు, ఏసినా. విమానం కాడ చెప్పినాడు, నీ పేరు గంగాదేవి, ఎవురు అడిగినా అదే చెప్పు అని. ఆ గంగాదేవి ఎవురో, యాడుందో, ఉందో పోయిందో ఇప్పటికీ నాకు తెల్దు. ఆమె పేరు మీద ఇరవై ఒక్క ఏండ్లు అన్నం తిన్న్యా.

మొదుట్లో మామా "గంగా" అని పిలిస్తే పలికేదాన్ని కాదు. చెవుడనుకుంది. చెవి డాక్టరు కాడికి కూడా తీస్కపోయింది.

హారూన్ తప్పు ఏమీ చెయ్యల్యా. ఈ దేశంలో సంజీవమ్మ అనే మనిషే లేదు. నీ కవరు మీది పేరు హారూన్ చదివితేనే ఈడ ఆ పేరు మల్లా ఇన్న్యా. అందుకే రెండు తూర్లు చదివించుకున్న్యా.

పెట్టె మీద ఎవురి పేరు రాయాలని మొదుటి తూరి అడిగినప్పుడు నేను ఏం చెప్పాల? గంగాదేవి అంటే ఊర్లో ఆ గంగాదేవి ఎవురని అడుగుతారు. సంజీవమ్మ అంటే, ఈడ ఎవురన్న్యా ఆ పెట్టె చూస్తే మీ ఇంట్లో సంజీవమ్మ ఎవురని అడుగుతారు. పెంచల్ అని రాయమన్నది నేను. మీ మామ వద్దన్న్యాడు. నాకెందుకే నీ కష్టం మీద పేరు, నామోషీగా ఉండాది అన్న్యాడు. నేనే ఒట్టు పెట్టించుకున్న్యా, ఆ మనిషి ఊరికి పోయినాక గూడా ఆ పేరు మార్చల్యా. ఊర్లో ఆ మనిషి ఏమీ మాట్లాడకుండా ఉండేది నన్ను దాచిపెట్టేదానికి. నువ్వు దాన్ని దొంగతనం మాదిరి రాస్తివి.

ఇప్పుడు చెప్పు. నా పేరు ఏమని పొడుస్తావు?

ఈసారి నా సొంత మాట ఏమీ లేదమ్మా. అక్క చెప్పినది చెప్పినట్టు రాశాను. రాస్తూ ఒకచోట ఆగితే, "రాయి హారూన్, నీకూ తెలియనీ" అంది. — హారూన్

*

రిగ్గై,
10 జనవరి 2026, శనివారం

అత్తా,

నీ ఉత్తరం వచ్చిన రోజే పెంచల్ మామకు ఫోన్ చేశాను. "అత్త అంతా చెప్పింది మామా, నేను నిన్ను తప్పుగా అనుకున్నాను" అన్నాను. "బాగుందా పాపా మా సంజీవమ్మ?" అన్నాడు. అంతే.

ఇప్పుడు హాలు సంగతి. వేడుకకు వారం ముందు సంఘం కార్యదర్శి మా గోడౌన్‌కు వచ్చాడు. కోటు వేసుకుని, అట్టల మధ్య తిరిగి, లైటు వేయించుకుని చూశాడు. బాగుందన్నాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"చూడమ్మా, ఎక్కడెక్కడి నుంచో పెద్దవాళ్లొస్తారు. తెలుగువాళ్లంటే ఇక్కడ ఇంజనీర్లున్నారు, డాక్టర్లున్నారు. వేదిక పక్కన ఖద్దామాల పేర్లు వెలుగుతుంటే మన పరువేం కావాలి? ఐడియా మాత్రం అదిరింది. ఇవే లైట్లు, ఇవే చుక్కలు. పేర్లు మాత్రం మన స్పాన్సర్లవి పెడదాం. మీ ఆడవాళ్లందరికీ బిర్యానీ ఫ్రీ."

ఖద్దామా అంటే పనిమనిషి అని మాకెవరికీ చెప్పనక్కర్లేదు కదా. నేను ఒక్కదాన్నే జవాబు చెప్పకూడదని, అందరినీ పిలిచి, ఆయన అన్నది అన్నట్టు గట్టిగా చెప్పాను. దేవిక ఎవరి వైపూ చూడకుండా పొడుస్తూనే ఉంది. కొమురక్క లేచి నిలబడింది.

"సారూ, నీ ఇంట్ల అంట్లు నువ్వే తోముకుంటవా?"

"అది కాదమ్మా..."

"గదే. ఎవలో తోముతరు గద. ఆమె పేరేంది?"

ఆయనకు తెలియలేదు అత్తా. ఫోన్ తీశాడు, భార్యకు చేయబోయాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు. ఆయన వెళ్లేటప్పుడు నేను చెప్పాను: "ఇవి మీ హాలుకు రావు సార్. ఒక్క పేరు తీసినా, ఒక్క పేరు మార్చినా రావు. చూడాలనుకునేవాళ్లు ఇక్కడికే వస్తారు."

తర్వాత అసలు భయం మొదలైంది. నరసింహులన్న తన గోడౌన్ ఇక ఇవ్వడేమో అనుకున్నాను. సంఘంలో ఆయనకు బోలెడంత మంది ఖాతాదారులున్నారు. సాయంత్రం వచ్చి చాలాసేపు అట్టల ముందు నిలబడ్డాడు. "బయట బోర్డు పెట్టద్దు పాపా. వీధిలో గుంపు కూడద్దు. లోపల మీ ఇష్టం" అన్నాడు. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "మా యమ్మ కూడా ఈడ ఇండ్లల్లో పని చేసినాది. ఆమె పేరు ఒగటి పొడవరాదూ. నేనైతే వంకరగా పొడుస్తా" అన్నాడు.

కాబట్టి జనవరి 23, శుక్రవారం, మధ్యాహ్నం నమాజు అయ్యాక, మా గోడౌన్‌లోనే లైట్లు వేస్తాం. వేదిక లేదు, ముఖ్య అతిథి లేడు. ఇద్దరు ముగ్గురు చొప్పున వచ్చి చూసి వెళ్తారు. డెలియా టీచర్ పోస్టర్ అచ్చువేసింది. అందులో షాపు అడ్రస్ లేదు, గోడ బొమ్మ లేదు, ఒక అట్టపెట్టె, దాని మీద చుక్కలు. "మా అమ్మ చూస్తే, మాకంటే మీరే మొండివాళ్లు అనేది" అంది.

ఇక నీ ప్రశ్న. నీ పేరు ఏమని పొడవాలి?

ఈ నెల రోజులు దాని గురించే ఆలోచించాను. గంగాదేవి అని పెడితే ఎవరిదో తెలియని పేరు. అయినా ఇరవై ఒక్క ఏళ్లు నీ ఒళ్లు అరిగింది ఆ పేరు మీదే. సంజీవమ్మ అని పెడితే నీకే ప్రమాదమేమోనని భయపడ్డాను. కానీ అట్టల మీద పేరూ ఊరూ తప్ప ఇంకేం లేదు. ఏ ఇల్లో, ఏ వీధో ఎవరికీ తెలియదు. నువ్వే చెప్పావు, ఈ దేశంలో సంజీవమ్మ అనే మనిషి లేదని. లేని మనిషిని ఎవరు పట్టుకుంటారు? ఫిబ్రవరిలో విమానం ఎక్కేది గంగాదేవి. సంజీవమ్మ ఇక్కడికి వచ్చిందనడానికి ఒక్క గుర్తయినా ఉండకుండా నువ్వు వెళ్లిపోతే నేను ఊరుకోలేను. అయినా ఈసారి నేను నీ బదులు మాట్లాడను. ఒకసారి మాట్లాడి తప్పు చేశాను.

హారూన్ గారి చేతికి ఈ ఉత్తరంతో పాటు ఒక అట్ట ఇస్తున్నాను. సెప్టెంబర్‌లో నువ్వు పంపిన చిన్న పెట్టె, నేను పేరు రాస్తుండగా మూల చిరిగితే, సరుకులు పెద్ద పెట్టెలోకి మార్చి దాని మీద పెంచల్ అనే రాశాను. ఆ చిన్న పెట్టెదే ఈ ముక్క. నేను రాసి ఆపేసిన "పె" ఒక మూల ఇంకా ఉంది. దాన్ని చెరపలేదు. పెంచల్ మామది కూడా ఒక అక్షరం ఉండనీ.

అట్ట మీద పెన్సిల్‌తో రెండు పేర్లు లేతగా రాశాను. పైన సంజీవమ్మ, కింద గంగాదేవి. ఏది ఏదో హారూన్ గారు వేలు పెట్టి చూపిస్తారు. మేకు కూడా పెట్టాను. అట్ట కింద పాత దుప్పటి మడత పెట్టుకుని, గీత మీద పొడుచుకుంటూ పో. అంట్లు తోమడం కంటే తేలిక. ఒకటి పొడువు, రెండూ పొడువు, రెండూ కాక ఇంకేదైనా పొడువు. చుక్కలు వంకరపోతే పోనీ. నీ చేతికి అక్షరాలు రావని అనకు. కొమురక్క చేతికి కూడా అక్టోబర్ దాకా రాలేదు.

వద్దనుకుంటే ఖాళీగానే పంపు. ఆ ఖాళీ అట్టనే నడిమధ్యలో వేలాడదీసి, వెనక లైటు వేసి ఉంచుతాను. ఎవరైనా ఇదెవరిదని అడిగితే, ఇంకా చెప్పలేదు అంటాను.

కానీ అట్ట మాత్రం నా దగ్గరికి రావాలి. జవాబు కాగితం మీద వద్దు, హారూన్ గారిచేత రాయించవద్దు. ఈసారి నీ చేత్తో చెప్పు. జనవరి 22, గురువారం సాయంత్రం షాపు మూసేలోపు ఆయన చేతికిచ్చి పంపు. నేను తలుపు దగ్గరే ఉంటాను.

నువ్వు చదివించిన,
వెంకటేశ్వరి